అధిక్షేపపు బొమ్మలు – నవ్వు ఎవరి మీద?

నవ్వించుట ఒక విద్య. నవ్వించుచునే లోకములోని తప్పును వ్రేలు పెట్టి చూపుట మరియొక విద్య. మొదటిది వచ్చినవారికెల్ల రెండవది పట్టుబడదు. ఆ రెండవదానికే అధిక్షేపమని పేరు. తోలుబొమ్మలాట చూచినవారికి దీని మర్మము వేరుగ చెప్ప పనిలేదు. తెర మీద రామాయణ కథ గంభీరముగ సాగుచుండగా నడుమ కేతిగాడును, బంగారక్కయు చొరబడి, కథతో సంబంధము లేని మాటలాడుచు, ఊరి పెద్దలను, కాలపు వింతలను వేళాకోళము చేసి పోవుదురు. అదే మాట రచ్చబండ మీద కూర్చుండి ఒక మనుష్యుడు అన్నచో తగవు వచ్చును. బొమ్మ అన్నది కనుక ఊరు నవ్వి ఊరకుండును.

అమెరికా టెలివిజన్‌వారు ఈ సౌకర్యమునే కదిలే బొమ్మలలో, అనగా యానిమేషన్‌లో, కనుగొన్నారు. అక్కడ బొమ్మల చిత్రములు చాలకాలము పిల్లల సొత్తుగనే భావింపబడినవి. 1960 సెప్టెంబరు 30న ఏ.బి.సి. సంస్థవారు 'ఫ్లింట్‌స్టోన్స్' అను రాతియుగపు కుటుంబ హాస్యమును, రాత్రిపూట పెద్దలు కూర్చుండి చూచు వేళలో ప్రసారము చేయుట ఒక సాహసమే. అయినను ఆ హాస్యము ఇంటి గడప దాటినది తక్కువ. గడప దాటి వీధిలోనికి, బడిలోనికి, చర్చిలోనికి, మేయరు కార్యాలయములోనికి, అణు విద్యుత్కేంద్రములోనికి సయితము పోయినది 'సింప్సన్స్'. మాట్ గ్రేనింగ్ అను వ్యంగ్యచిత్రకారుడు సృష్టించిన ఈ కుటుంబము 1987లో మరియొక కార్యక్రమము నడుమ చిన్న చిన్న తునకలుగ కనిపించి, 1989 డిసెంబరు 17న ఫాక్స్ సంస్థ ద్వారా అరగంట కార్యక్రమముగ వెలువడినది. తండ్రి హోమర్ అణు విద్యుత్కేంద్రములో భద్రతా పరీక్షకుడు. భద్రత అనగా ఎట్టిదో అతనికి తెలియదు. కొడుకు బార్ట్ అల్లరి పిల్లవాడు. కూతురు లీసాకు ఎనిమిదేండ్లు. ఊరి మొత్తము మీద ఆలోచన గలది ఆ పిల్లయే. మూడున్నర దశాబ్దములు గడచినను వీరిలో ఎవరికిని ఒక్క ఏడు పైబడలేదు. బొమ్మలకు గల సౌకర్యములలో ఇదియు ఒకటి.

ఇట్టి కార్యక్రమములను గురించి మాట్లాడునప్పుడు, హాస్యమెంత, సంఘ విమర్శ యెంత ఉండవలెనని పాళ్లు అడుగువారు కలరు. విమర్శ హెచ్చైన ఉపన్యాసమగును, హాస్యము హెచ్చైన కాలక్షేపమగును, కనుక రెండింటిని సరిసమానముగ కలుపవలెనని వారి తాత్పర్యము. ఇది వైద్యుడు చూర్ణము కలిపినట్లు తూచి కలుపు వ్యవహారమని నాకు తోచదు. అసలు ప్రశ్న వేరు. విమర్శ ఎవరిని గురిపెట్టినదో, నవ్వు కూడ వారి మీదనే పడినదా? రెండును ఒకచోటనే పడినచో ఎంత హాస్యమైనను ఎక్కువ కాదు. వేర్వేరు చోట్ల పడినచో ఎంత మంచి ఉద్దేశమైనను దానిని కాపాడజాలదు.

ఒక చిన్న ఉదాహరణము. 1992 జనవరిలో నాటి అమెరికా అధ్యక్షుడు పెద్ద బుష్ ఒక సభలో మాట్లాడుచు, అమెరికా కుటుంబములు సింప్సన్ల వలె గాక వాల్టన్ల వలె ఉండవలెనని సెలవిచ్చినారు. వాల్టన్లనగా 1930ల ఆర్థిక మాంద్యపు రోజులలోని ఒక పల్లె కుటుంబము. టెలివిజన్ కథలలో సద్గుణములకు పెట్టినది పేరు. మూడు దినములు తిరుగక ముందే సింప్సన్స్‌వారు పునఃప్రసారమగు ఒక పాత భాగమునకు ముందు చిన్న దృశ్యమొకటి అతికించినారు. అధ్యక్షుని ప్రసంగమును టెలివిజన్‌లో చూచిన బార్ట్, మేమును వాల్టన్ల వంటివారమే, మాంద్యము తొలగిపోవలెనని మేమును ప్రార్థించుచున్నాము అను అర్థము వచ్చునట్లు ఒక మాట అనును. అంతే. ఆ రోజులలో అక్కడ నిరుద్యోగము పెరుగుచున్నది, ఎన్నికలు ముందున్నవి. నీతిబోధ చేసినవారికి నిత్యావసరములు జ్ఞాపకము చేయుటకు ఆ పిల్లవానికి ఒక్క వాక్యము చాలినది. ఇందులో ఏది హాస్యము, ఏది విమర్శ అని విడదీయుడు, చూతము!

ఇంతకంటె విస్తారముగ పరిశీలింపదగినది 1996 మే 5న వెలువడిన భాగము. పేరు 'మచ్ అపూ అబౌట్ నథింగ్'. షేక్‌స్పియర్ నాటకము పేరు మీద విరుపు. స్ప్రింగ్‌ఫీల్డ్ అను ఆ ఊరిలోనికి ఒకనాడు ఎలుగుబంటి ఒకటి దారి తప్పి వచ్చును. ఊరు హడలిపోవును. జనము మేయరు మీదికి పోయి, ఎలుగుబంట్లను కాచుటకు ప్రత్యేక దళము కావలెనని పట్టుబట్టుదురు. దళము వచ్చును, యుద్ధవిమానముతో సహా. దాని ఖర్చునకై ఐదు డాలర్ల పన్ను వచ్చును. అదే జనము మరల పోయి పన్ను వద్దని కేకలు వేయుదురు. కాపలా కావలెను, పన్ను వద్దు! మేయరు తోచక, పన్నులు పెరుగుటకు కారణము అనుమతి లేక దేశములో చొచ్చిన పరదేశులని చెప్పివేయును. వారిని వెళ్లగొట్టుటకు అప్పటికప్పుడు 24వ ప్రతిపాదన సిద్ధమగును. ఊరంతయు దాని వెంట నడచును.

నడుమ తండ్రి కూతుళ్ల సంభాషణ ఒకటి ఉన్నది. దళము వచ్చిన తరువాత వీధిలో ఒక్క ఎలుగుబంటియు కనబడలేదు కనుక దళము బహు చక్కగ పనిచేయుచున్నదని హోమర్ మురిసిపోవును. అట్లయిన ఈ రాయి పులులను దూరముగ ఉంచుచున్నదనవచ్చునని లీసా నేల మీది రాతిని ఒకదానిని చూపును. చుట్టుపట్ల పులి లేదు గదా! హోమర్ ఒక క్షణమాలోచించి, ఆ రాతిని తనకు అమ్ముమని అడుగును. తర్కశాస్త్ర పండితుడు గంటసేపు చెప్పవలసిన హేత్వాభాసము ఇచట నిమిషములో తేలిపోయినది. చూచినవాడు దానిని జన్మలో మరువడు.

ఈ కథ గాలిలో పుట్టినది కాదు. 1994 నవంబరులో కాలిఫోర్నియా రాష్ట్రములో 187వ ప్రతిపాదన వోటునకు వచ్చినది. అనుమతి పత్రములు లేని పరదేశులకు ప్రభుత్వ పాఠశాలలలో ప్రవేశము, అత్యవసరము కాని ప్రభుత్వ వైద్యము మున్నగునవి నిరాకరింపవలెనని దాని సారాంశము. నూటికి సుమారు 59 మంది దానికి అనుకూలముగ వోటు వేసినారు. తరువాత న్యాయస్థానములు అడ్డుపడి దాని ముఖ్యాంశములు అమలు కాకుండ ఆపినవి.

స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఆ దెబ్బ తగులునది అపూ అను దుకాణదారునికి. ఇతడు భారతీయుడు. కలకత్తాలో చదివి, అమెరికాకు వచ్చి కంప్యూటర్ శాస్త్రమున డాక్టరు పట్టము పొంది, చదువునకైన అప్పు తీర్చుటకు 'క్విక్కీ మార్ట్' అను చిల్లర దుకాణములో చేరి, గడువు తీరినను అక్కడి స్నేహముల వలన ఉండిపోయినవాడు. చట్టమునకు వెరచి దొంగ పత్రములు సంపాదించును. టోపీ పెట్టి, అమెరికా యాసలో మాట్లాడుచు, పుట్టు అమెరికావానివలె నటించును. తుదకు కన్నవారికి ద్రోహము చేసినట్లు తోచి కుమిలిపోయి, న్యాయమార్గమున పౌరసత్వ పరీక్షకు కూర్చుండును. అంతర్యుద్ధమునకు కారణమేమని పరీక్షకుడు అడుగగా అపూ ఒక్కొక్క కారణమే సవిస్తరముగ వివరింపబోవును. బానిసత్వమని చెప్పి ఊరకుండుమని పరీక్షకుడే విసుగుకొనును. అపూ పౌరుడగును. ప్రతిపాదన మాత్రము నూటికి 95 వోట్లతో నెగ్గును. దాని ఫలితముగ ఓడ యెక్కవలసి వచ్చినవాడు బడిలో తోటపని చేయు విల్లీ, స్కాట్లండువాడు. సుఖాంతము చేసి ప్రేక్షకుని ఇంటికి పంపక, ఊరి మూఢత్వమును చివర వరకు చెక్కుచెదరకుండ నిలిపిన ధైర్యము మెచ్చదగినది.

ఇంతవరకు అంతయు బాగుగనే ఉన్నది. ఇప్పుడు కన్నులు మూసికొని ఈ భాగమును వినుడు. రేడియో శ్రోతలకు ఇది అలవాటైన పరీక్షయే. బొమ్మకు రూపమిచ్చునది గీత, ప్రాణమిచ్చునది గొంతు. అపూ గొంతు భారతీయునిది కాదు. అది న్యూయార్కు నగరము క్వీన్స్ పేటలో పుట్టిన హాంక్ అజారియా అను శ్వేతజాతి నటునిది. కనుక అపూ అమెరికా యాస పెట్టుకొను ఘట్టములో జరుగుచున్నదేమి? అమెరికా నటుడొకడు భారతీయునివలె పలుకుచు, ఆ భారతీయుడు మరల అమెరికావానివలె పలుకుచున్నాడు. యాసను దాచుకొనుట ఆత్మద్రోహమని కథ చెప్పుచున్నది. ఆ యాసయే మొదటినుండి అరువు సరుకు!

అపూ మొట్టమొదట తెర మీదికి వచ్చినది 1990లో. దుకాణములోని గుమాస్తాకు భారతీయుని యాస పెట్టి అజారియా చదువగా, చుట్టునున్న రచయితలు పగలబడి నవ్వినారట, యాస నిలిచిపోయినది. 1968 నాటి 'ది పార్టీ' చిత్రములో పీటర్ సెల్లర్స్ అను ఆంగ్ల నటుడు ముఖమునకు రంగు పూసికొని వేసిన భారతీయ పాత్రయు ఆ గొంతునకు ఒక ఆధారమని నటుడే చెప్పియున్నాడు. పేరు మాత్రము సత్యజిత్ రాయ్ చిత్రములనుండి వచ్చినది. 1955లో వచ్చిన 'పథేర్ పాంచాలి' మొదలు మూడు చిత్రములలో రాయ్ చూపిన అపూ, మాటకంటె మౌనముతో లోకమును కట్టివేసినవాడు. ఆ పేరునకు తగిలించిన ఇంటిపేరు 'నహసపీమపెటిలన్', పలుకలేక నవ్వుటకు కల్పించినది. ఒకరి పేరు మనకు నోరు తిరుగకపోవుట హాస్యమే కావచ్చును. అది ఎవరి నోటి లోపము?

ఈ ప్రశ్న గట్టిగ అడిగినవాడు హరి కొండబోలు. ఇంటిపేరు వినగనే మనవారని తెలిసిపోవును. ఆంధ్రదేశమునుండి వెళ్లిన తెలుగు దంపతుల బిడ్డ. 1982లో న్యూయార్కులో, అజారియా పుట్టిన ఆ క్వీన్స్ పేటలోనే జన్మించినాడు. సియాటిల్ నగరములో వలసవచ్చినవారి హక్కులకై కొంతకాలము పనిచేసి, లండనులో మానవ హక్కుల విషయమున ఉన్నత పట్టము పొంది, హాస్య ప్రదర్శకుడుగ స్థిరపడినాడు. 2017 నవంబరులో ఆయన నిర్మించిన 'ది ప్రాబ్లమ్ విత్ అపూ' అను డాక్యుమెంటరీ టెలివిజన్‌లో ప్రసారమైనది. ఆయన సింప్సన్స్‌కు శత్రువు కాడు, చిన్ననాటినుండి అభిమాని. ఆ కార్యక్రమమును చూచి వ్యంగ్యము నేర్చుకొన్న తరమువాడు. ఆయన మాటకు బరువు వచ్చినది అందువలననే.

ఆయన చెప్పినది క్లుప్తముగ ఇది. తన తండ్రిని వెక్కిరించు ఒక తెల్లవానిని మరియొక తెల్లవాడు అనుకరించినట్లున్నది ఆ గొంతు. బడిలో తోటి పిల్లలు ఆ గొంతునే అరువు తెచ్చుకొని భారతీయుల పిల్లలను ఏడిపించినారు. ఆయన చిత్రములో మాట్లాడిన దక్షిణాసియా సంతతి నటులును ఇట్టి అనుభవములే చెప్పినారు. తల్లిదండ్రులు వైద్యులు కావచ్చును, ఇంజనీర్లు కావచ్చును. బడి ఆవరణలో వారందరును అపూలే.

దీనికి ఎదురు చెప్పువారి వాదమును తేలికగ త్రోసివేయరాదు. సింప్సన్స్ ఎవరిని వదలినది? స్కాట్లండు విల్లీ కోపిష్ఠి, ఇటలీ సంతతి టోనీ దొంగల నాయకుడు, పోలీసు అధికారి తిండిపోతు, కథానాయకుడు స్వయముగ మూర్ఖాగ్రేసరుడు. అందరిని నవ్వుటయే సమత్వము కాదా? పైగా అపూ ఆ ఊరిలో అందరికంటె చదువుకొన్నవాడు, కష్టజీవి, సజ్జనుడు. 1995లో లీసా మాంసాహారము మానిన భాగములో ఆమెకు ఓర్పు నేర్పినవాడు అపూయే; తాను నమ్మిన ఆహారనియమము కొరకు ఇతరులను వేధింపరాదని ఎంత మృదువుగ చెప్పును! ఇదంతయు నిజమే.

అయినను లెక్క సరిపోదు. 1990 జనాభా లెక్కలలో అమెరికాలోని భారత సంతతివారు సుమారు 8 లక్షల 15 వేలు. ఇంతమందికి ఆనాటి టెలివిజన్‌లో ప్రతివారము కనబడు ముఖము దాదాపు ఇది యొక్కటే. తిండిపోతు పోలీసు పక్కన నూరుగురు వీర పోలీసులు వేరు కార్యక్రమములలో ఉన్నారు. అతని బొమ్మ ఎవరిని అణచదు. అద్దము ఒక్కటే ఉండి, అదియు వంకరదైనప్పుడు, చూచుకొనువాని గతి యేమి? అపూ గుణమును గురించి రచయితలు వ్రాసినది పొగడ్త, ప్రేక్షకుని నవ్వించినది యాస. 1996 నాటి భాగములో విమర్శ పరదేశిని ద్వేషించు ఊరి మీద పడినది. నవ్వులో ఒక పాలు మాత్రము ఆ పరదేశి నోటి మీదనే పడినది. మొదట నేను చెప్పిన ఎడము ఇదియే.

మన సాహిత్యమునుండి ఒక పోలిక చెప్పనిండు. గురజాడవారు 1892లో ప్రదర్శింపబడి 1897లో అచ్చయిన 'కన్యాశుల్కము'లో గిరీశమును ఎండగట్టుటకే సృష్టించినారు. ప్రేక్షకులు గిరీశమునే ప్రేమించినారు. అధిక్షేపము రచయిత చేయి దాటిన తరువాత ఎటుపోవునో అతని వశము కాదు. కాని గిరీశమును వ్రాసినవాడు తెలుగువాడు, ఆడినవాడు తెలుగువాడు, నవ్వినవాడు తెలుగువాడు. ఇంటివాడు ఇంటివానిని ఆడిపోసికొన్నట్లున్నది. అపూ విషయమున ఇల్లు వేరు.

తప్పు దిద్దుకొనుట అధిక్షేపమునకు అసాధ్యమా? కాదనుటకు 'సౌత్ పార్క్' సాక్ష్యము. 1997 ఆగస్టులో మొదలైన ఈ కార్యక్రమము సింప్సన్స్ కంటె మోటు. ఇంటిల్లిపాది కూర్చుండి చూడదగినది కాదు. సింప్సన్స్ భాగమొకటి సిద్ధమగుటకు నెలలు పట్టును. సౌత్ పార్క్‌వారు ఆరు దినములలో ముగింతురు. కనుక ఈ వారపు వార్త వచ్చేవారపు హాస్యము. తొందరలో తీర్పులును తొందరగనే పడును. 2006లో వారు భూతాపమును గురించి హెచ్చరించు ఆల్ గోర్‌ను, మనిషి-ఎలుగు-పంది కలిసిన లేని మృగమును చూచి బెదరువానిగ చిత్రించి ఎగతాళి చేసినారు. 2018లో అదే మృగము నిజముగ ఊరిమీద పడినట్లు మరల కథ వ్రాసినారు. పిల్లలు గోర్ ఇంటికి పోయి క్షమాపణ చెప్పుకొనవలసి వచ్చును. ఆయన బడాయి చూచి మరల నవ్వు వచ్చును. నాటి నవ్వు తప్పుదారి పట్టినదని నవ్వుతోనే ఒప్పుకొన్నారు. ఉపన్యాసము లేదు, సంజాయిషీ లేదు.

ఆ యేడే, 2018 ఏప్రిల్ 8న, సింప్సన్స్‌వారు కొండబోలునకు ఇచ్చిన జవాబు దీనితో పోల్చి చూడవలెను. తల్లి మార్జ్ తన చిన్ననాటి కథలపుస్తకమును లీసాకు చదివి వినిపింపబోయి, అందు జాతి దురభిమానము నిండియుండుట చూచి తుడిచివేయగా, కథ చప్పబడిపోవును. అప్పుడు లీసా ప్రేక్షకుల వైపు తిరిగి, ఒకనాడు అందరు మెచ్చినది నేడు తప్పైనచో చేయగలదేమున్నదని నిట్టూర్చును. పక్కన బల్లమీద అపూ పటము. ఇందులో హాస్యము లేదు, విమర్శయు లేదు. చేతులు దులుపుకొనుట మాత్రమున్నది. అన్యాయమెక్కడ కనబడినను ఊరుకొనని ఆ పిల్ల నోటనే ఆ మాట పలికించుట మరింత కష్టముగ తోచినది. పులులను తరుము రాతిని చూపిన పిల్ల కాదా ఆమె!

నటుడు మాత్రము ఊరకుండలేదు. ఆ నెలలోనే అజారియా ఒక కార్యక్రమములో, తన కన్నులు తెరచుకొన్నవని, రచయితల గదిలో భారతీయులు ఉండవలెనని, తాను తప్పుకొనుటకు సిద్ధమని చెప్పినాడు. 2020 జనవరిలో అపూ గొంతు విడిచినాడు. ఆ జూనులో, ఇకమీదట శ్వేతజాతివారు ఇతర జాతుల పాత్రలకు గొంతు ఈయరని సింప్సన్స్ సంస్థ ప్రకటించినది. 2021 ఏప్రిల్‌లో ఆయన బహిరంగముగ క్షమాపణ చెప్పుచు ఒక సంగతి వెల్లడించినాడు: తన కుమారుని బడిలో మాట్లాడినప్పుడు, సింప్సన్స్ ఒక్కసారియు చూడని పదునేడేండ్ల భారతీయ బాలునికి సయితము అపూ అను మాట తిట్టుగ తెలిసియున్నదట. కార్యక్రమము నడుమనుండి జారిపోయి, తిట్టు ఒక్కటే మిగిలినది.

కొండబోలు అపూను చంపుమని ఎన్నడును అనలేదు. 2018లో పాత్రను తీసివేయుదురను పుకారు పుట్టినప్పుడు అది తనకు సంతోషము కలిగింపదని స్పష్టముగ చెప్పినాడు. పాత్రను పెంచవలెనని, అతనికి మంచి కథలు వ్రాయవలెనని ఆయన కోరిక. జరిగినది వేరు. ఆ తరువాత అపూ జనసమూహములో ఒక మూలను, మాట లేకుండ, అప్పుడప్పుడు కనబడుచు వచ్చినాడు. ముప్పది యేండ్లు అరువు గొంతుతో పలికినవానికి సొంత గొంతు ఈయుటకు బదులు నోరు కట్టివేసినట్లయినది. ఇందులో జాగ్రత్త ఉన్నది; ధైర్యము కనబడదు.

2017 నాటి చిత్రములో ప్రశ్నలకు సమాధానము చెప్పుటకు అజారియా అంగీకరింపలేదు. 2023లో ఆయనయు, కొండబోలును మొదటిసారి బహిరంగముగ కలిసి మాట్లాడినారు. అది టెలివిజన్‌లో కాదు, ఎన్.పి.ఆర్. అను అమెరికా ప్రజా రేడియోవారి కార్యక్రమములో. బొమ్మ లేదు, రంగు లేదు. ఉన్నవి రెండు గొంతులు, రెండును క్వీన్స్ పేటలో పుట్టినవే.